పాత బజార్లు, ఆగిన పథకాలు: చార్మినార్ అనుభవం – ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలకు దాని ఉపయోగం

2022 ఏప్రిల్ 4వ తేదీన జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఏలూరు నగరం తన పేరిటనే ఏర్పడిన జిల్లాకు కేంద్రమైనది. 1866లో పురపాలక సంఘంగా ఏర్పడి, 1925 నుండి పశ్చిమ గోదావరి జిల్లాకు కేంద్రంగా ఉండి, 2005లో నగరపాలక సంస్థ స్థాయిని పొందిన ఈ పట్టణానికి హోదాలు పలుమార్లు మారినవి గాని, వన్‌టౌన్ బజారు వీధుల వెడల్పు పెద్దగా మారలేదు. కృష్ణా జలాలను తెచ్చే కాలువ, గోదావరి జలాలను తెచ్చే కాలువ కలిసే చోట, పడవలపై సరుకు దిగిన రోజులలో ఎదిగిన పట్టణమిది. ఎడ్లబండి మళ్లడానికి సరిపోయిన దారిలో నేడు సరుకు లారీలు, ఆటోలు, ద్విచక్ర వాహనాలు, తోపుడు బండ్లు, పాదచారులు ఒకే సమయంలో కదలవలసి వస్తున్నది. ఇటువంటి చోట పట్టణ కేంద్రాన్ని పునరభివృద్ధి చేయాలన్న ఆలోచన కలగడం సహజం.

అయితే ఈ విషయమై జరిగే చర్చలలో సాధారణంగా రెండు వాదనలే వినవస్తాయి. రోడ్లు వెడల్పు చేయాలని కోరేవారి వాదన ఒకటి, దుకాణాలు పోతాయని అభ్యంతరం తెలిపేవారి వాదన మరొకటి. వీటి నడుమ మూడవ స్థితి ఒకటి ఉన్నది. పథకం ప్రకటితమై, పటంపై గీతలు పడి, కొన్ని పనులు జరిగి, మిగిలినవి ఆగిపోయి, పూర్తికాకుండా, రద్దు కాకుండా ఏళ్లు గడిచే స్థితి అది. పాత అంగడి వీధులకు అధిక నష్టం కలిగించేది ఈ స్థితియే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై, రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణలో కొనసాగిన హైదరాబాద్ చార్మినార్ పాదచారుల పథకం దీనికి తగిన ఉదాహరణ. జిల్లా కేంద్రాలలో వీధుల కొలతలు చేపట్టే అధికారులకు, ఆ వార్తలను అందించే పాత్రికేయులకు ఆ అనుభవం ఎంతగానో ఉపకరిస్తుంది.

నాలుగు బాటల కూడలి

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో చార్మినార్‌ను నాలుగు రాచబాటల కూడలిలో నిర్మింపజేశాడు. అంటే కట్టడం పుట్టుకలోనే రాకపోకలు ఉన్నవి, వ్యాపారమూ ఉన్నది. ఉత్తరాన నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజ్, దాని పరిసరాలలో నగల వర్తకులు, పశ్చిమాన లక్క గాజులకు పేరొందిన లాడ్ బజార్, నైరుతి దిశలో మక్కా మసీదు, గుల్జార్ హౌజ్ దాటి మూసీ నది వైపు సాగితే పత్తర్‌గట్టి. ఒకే కూడలి చుట్టూ ఇన్ని ప్రత్యేక బజార్లు నిలదొక్కుకోవడానికి కారణం కొనుగోలుదారు నడిచి తిరగగల దూరంలో ఇవన్నీ ఉండడమే. పెళ్లి సామాను కొనడానికి వచ్చిన కుటుంబం గాజులు ఒకచోట, బట్టలు ఒకచోట, వెండి ఒకచోట, అత్తరు మరొకచోట కొనుక్కుని సాయంత్రానికి ఇల్లు చేరగలగడమే ఈ బజార్ల బలం.

ఈ కూడలిలో వీధి పునర్నిర్మాణం కొత్త విషయమేమీ కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని అతలాకుతలం చేసిన తరువాత, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పాటైనది. పత్తర్‌గట్టి వీధిని ఆ మండలియే నేటి రూపానికి తెచ్చినది. విశాలమైన బాట, దానికి ఇరువైపులా రాతి కమానుల వరుస, కమానుల వెనుక నీడలో నడకదారి, ఆపై దుకాణాలు. రోడ్డు వెడల్పు, దుకాణాల నిర్మాణం అనే రెండు పనులను ఒకే పనిగా తలపెట్టి పూర్తి చేసినందువలన నూరేళ్లకు పైబడి ఆ వీధి వర్తక కేంద్రంగానే నిలిచి ఉన్నది. ఎండకు, వానకు తడబడకుండా కొనుగోలుదారు నడిచే ఏర్పాటు ఆనాడే చేయడం గమనింపదగినది. తరువాతి పథకాలు మొదటి పనిని, రెండవ పనిని వేరువేరు దస్త్రాలలో పెట్టినవి.

పథకం ఉద్దేశం

వాహనాల పొగ వలన, కంపనల వలన సున్నపు గచ్చుతో తీర్చిదిద్దిన చార్మినార్‌కు హాని కలుగుతున్నదన్న ఆందోళన నేపథ్యంలో, కట్టడం చుట్టూ వాహనాలను నిలిపివేసి ఆ ప్రాంతాన్ని నడిచేవారికే కేటాయించాలన్న ప్రతిపాదన 1990 దశకంలోనే రూపుదిద్దుకున్నది. 2005 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం కింద దీనికి సుమారు 35 కోట్ల రూపాయల అంచనాతో మంజూరు లభించినది.

పథకంలో రెండు భాగాలున్నవి. కట్టడం పరిసరాలలో రాతి పరపు, దీపాలు, తీగలను భూగర్భంలో అమర్చడం, దుకాణాల ముఖభాగాలను ఒక తీరుగా తీర్చిదిద్దడం మొదటి భాగం. చార్మినార్ వద్ద నిలిపివేసిన వాహనాలు చుట్టూ తిరిగి పోవడానికి లోపలి వలయ రహదారిని, వెలుపలి వలయ రహదారిని విస్తరించడం రెండవ భాగం. మొదటిది కంటికి కనిపించేది, ప్రారంభోత్సవానికి అనువైనది. రెండవది ఇరుకు గల్లీలలో ఇళ్లను, దుకాణాలను సేకరించవలసిన పని. వాస్తవానికి రెండవది పూర్తయితేనే మొదటిది ఫలిస్తుంది. వాహనానికి వేరే దారి చూపకుండా ఉన్న దారి మూస్తే, అది పక్క సందులోకి ప్రవేశించక తప్పదు.

ఆలస్యానికి ఒక్కరిని బాధ్యులను చేయడం న్యాయం కాదు. స్మారక కట్టడం భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్నది. రోడ్డు నగరపాలక సంస్థది. 1981 నుండి పాత నగరం అభివృద్ధికై కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థ ఉన్నది. నీటి గొట్టాలు, మురుగు కాలువలు జలమండలివి. విద్యుత్ స్తంభాలు పంపిణీ సంస్థవి. వాహనాల మళ్లింపు పోలీసు శాఖ బాధ్యత. వీరందరి నడుమ సమన్వయం కుదిరే లోపున 2007 ఏప్రిల్‌లో హైదరాబాద్ నగరపాలక సంస్థ శివారు పురపాలక సంఘాలను కలుపుకొని మహానగరపాలక సంస్థగా మారినది. 7 సంవత్సరాల కాలపరిమితితో వచ్చిన నవీకరణ పథకం, పొడిగింపుల అనంతరం ముగిసినది. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రం విభజితమైనది. మంజూరు చేసిన పథకం, అమలు చేయవలసిన సంస్థ, పర్యవేక్షించవలసిన ప్రభుత్వం, ఈ మూడూ మారిపోయిన తరువాత కూడా లాడ్ బజారు వర్తకుడు అవే ప్రశ్నలతో మిగిలినాడు: తన దుకాణంలో ఎన్ని అడుగులు పోతాయి, ఎప్పుడు పోతాయి?

2016లో కేంద్రం ప్రకటించిన స్వచ్ఛ విశిష్ట స్థలాల తొలి 10 పేర్లలో చార్మినార్ చోటు చేసుకున్నది. తదుపరి రాతి పరపు పనులు ఊపందుకుని, కట్టడం చుట్టూ వాహనాలకు చాలావరకు అడ్డుకట్ట పడినది. 2021 అక్టోబరులో ఆదివారం సాయంత్రాలు కుటుంబాల కొరకు ప్రత్యేక కార్యక్రమాలు నిర్వహించినపుడు వాహనాలు లేని చార్మినార్ ఎట్లుండునో నగరవాసులు ప్రత్యక్షంగా చూడగలిగినారు. కాని వలయ రహదారుల విస్తరణ మాత్రం 2020 దశకంలోనూ అసంపూర్ణంగానే ఉండిపోయినది.

గీత గీసిన తరువాత వీధిలో ఏమి జరుగుతుంది?

రోడ్డు విస్తరణ అనగానే కూల్చివేతలే స్ఫురిస్తాయి. కాని కూల్చివేత ఒక్కరోజు పని. దానికి ముందు గడిచే సంవత్సరాలలో వీధి క్రమేణా క్షీణిస్తుంది. ఆ క్షీణత ఏ నివేదికలోనూ నమోదు కాదు.

పురపాలక చట్టాల ప్రకారం కమిషనర్ ఏ వీధికైనా క్రమరేఖను నిర్ణయించవచ్చును. ఆ తరువాత ఆ వీధిలో ఎవరైనా తిరిగి కట్టుకోదలచినచో గీత వరకు ఉన్న స్థలాన్ని వదలి కట్టవలసి ఉంటుంది. విశాలమైన కాలనీలో ఇది పెద్ద ఇబ్బంది కాదు. పాత బజారులో దుకాణం లోతు 10 లేక 12 అడుగులు ఉంటే, దానిలో 8 అడుగులు గీతకు ఇవతలికి వస్తే, మిగిలేది మెట్టు మాత్రమే. కనుక యజమాని తిరిగి కట్టడు. పైకప్పు కారుతున్నా, దూలం వంగినా, ఎటూ పోయేదానికి ఖర్చు దేనికని ఊరుకుంటాడు. అటువంటి ఆస్తిపై బ్యాంకులు రుణమివ్వడానికి వెనుకాడతాయి. అమ్మబోతే కొనేవారు ధర తగ్గిస్తారు. వారసుల మధ్య పంపకం కూడా తేలదు. పదేళ్లు ఇట్లు గడిస్తే, నిన్నటి వరకు వారసత్వ సంపదగా కొనియాడబడిన భవనం నేడు శిథిల భవనంగా నోటీసు అందుకుంటుంది.

చార్మినార్ వద్ద దీనికి మరొక చిక్కు తోడైనది. 2010లో సవరించిన పురావస్తు స్థలాల చట్టం ప్రకారం, రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపున కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపైన మరి 200 మీటర్ల వరకు అనుమతితోనే కట్టాలి. మరమ్మతులకు సైతం అధీకృత అనుమతి అవసరం. ఇది గాక పాత నగరంలోని వారసత్వ కట్టడాలకు రక్షణ కల్పిస్తూ 1995లో వచ్చిన 13వ నిబంధనను 2015 డిసెంబరులో తొలగించడం, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం రావడం జరిగినవి. ఒకే దుకాణదారునికి ఒక శాఖ వెనక్కి జరగమని, మరొక శాఖ కట్టరాదని, వేరొక శాఖ రూపు మార్చరాదని చెప్పినట్లయినది. వీటిలో ఏ ఒక్క నిబంధననూ అనవసరమనడానికి వీలులేదు. చార్మినార్ మినారుపై గచ్చు ముక్క 2019 మే నెలలో వర్షాల అనంతరం ఊడిపడిన సంఘటన కట్టడానికి రక్షణ ఎంత అవసరమో తెలియజేసినది. అయితే మూడు నిబంధనలను కలిపి చదివి, ఫలానా దుకాణానికి ఫలానా మరమ్మతు చేసుకోవచ్చునని ఒక కాగితంపై రాసి ఇచ్చే ఏర్పాటు లేకపోవడమే వర్తకుల ప్రధాన ఇబ్బంది.

లక్క కొలిమి వద్ద

లాడ్ బజారులో కనిపించే దుకాణం వెనుక కనిపించని పనివాడలు ఉన్నవి. లక్కను నిప్పు సెగపై కరిగించి, రంగు కలిపి, కడ్డీగా సాగదీసి, లోహపు కట్టుకు చుట్టి, గుండ్రంగా సరిచేసి, వేడి ఆరకముందే అద్దపు ముక్కలను, రాళ్లను ఒకటొకటిగా పొదుగుతారు. ఈ పని చాలావరకు పాత నగరంలోని ఇళ్లలోనే, కుటుంబ సభ్యుల చేతుల మీదుగా జరుగుతుంది. ఉదయం చేసిన గాజుల జతలు మధ్యాహ్నానికి దుకాణానికి చేరాలి. కొనుగోలుదారు చీర రంగు చూపి అడిగితే, సాయంత్రానికల్లా ఆ రంగుకు దీటైనవి చేసి తేవాలి. పనివాడకు, దుకాణానికి మధ్య నడక దూరమే ఉండాలన్న నియమం ఇందువలన వచ్చినది. వర్తకుడు నగర శివారులోని వాణిజ్య సముదాయంలో స్థలం తీసుకుంటే వర్తకుడు బతుకుతాడు గాని ఈ బంధం తెగిపోతుంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు సరుకు పేరును కాపాడుతుంది. దానిని తయారుచేసే గది అద్దెను, ఆ గది ముందున్న సందు వెడల్పును కాపాడజాలదు.

నష్టపరిహారం ప్రశ్న ఇక్కడనే జటిలమవుతుంది. పాత బజార్లలో దుకాణ యజమాని ఒకరు, పగిడీ చెల్లించి తరతరాలుగా వ్యాపారం చేస్తున్న అద్దెదారు ఒకరు, అరుగుపై కూర్చుని అమ్మే చిరు వర్తకుడు ఒకరు, సరుకు తయారుచేసే కార్మికుడు ఒకరు. 1894 నాటి భూసేకరణ చట్టం ప్రధానంగా హక్కుదారునే చూసినది. 2014 జనవరి 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన 2013 భూసేకరణ చట్టం, ఆ ప్రాంతంలో 3 సంవత్సరాలకు పైబడి జీవనోపాధి పొందుతున్న అద్దెదారులను, చేతివృత్తుల వారిని సైతం ప్రభావిత కుటుంబాల నిర్వచనంలో చేర్చినది. ప్రకటన వెలువడిన 12 నెలలలోగా అవార్డు ఇవ్వకపోతే సేకరణ ప్రక్రియ రద్దవుతుందని కూడా పేర్కొన్నది. భూసేకరణకు చట్టం ఇట్లు గడువు విధించినది గాని, వీధి విస్తరణ గీతల విషయంలో ఆచరణలో అట్టి తొందర కనబడదు. ఒకసారి పటంపైకి ఎక్కిన గీత కమిషనర్లు మారినా, పాలకవర్గాలు మారినా నిలిచే ఉంటుంది.

నగదు పరిహారానికి బదులుగా బదలాయించదగిన అభివృద్ధి హక్కుల పత్రాలు, అనగా టి.డి.ఆర్. బాండ్లు ఇచ్చే పద్ధతిని హైదరాబాద్‌లో 2006 భవన నియమావళి ద్వారా ప్రవేశపెట్టడం జరిగినది. తరువాత ఇతర పట్టణాలకూ విస్తరించినది. వేరొకచోట బహుళ అంతస్తుల భవనం కట్టే స్తోమత గలవారికి ఇది ప్రయోజనకరమే. 20 గజాల దుకాణం కోల్పోయిన వ్యక్తి ఆ పత్రాన్ని నిర్మాణదారునికి అమ్ముకోవలసిందే. అద్దెదారుకు దానిలో వాటా ఉండదు. బాండ్ల విలువ నిర్ణయంలో పారదర్శకత ఎంత అవసరమో పశ్చిమ గోదావరి జిల్లా వాసులకు తెలియనిది కాదు. తణుకు పురపాలక సంఘంలో జారీ అయిన బాండ్ల విషయంలో ప్రభుత్వం విచారణ జరిపించి, అధికారులపై చర్య తీసుకోవలసి వచ్చినది.

సుల్తాన్ బజార్, మొజంజాహీ మార్కెట్

అదే నగరంలో మరి రెండు బజార్ల అనుభవాలను పోల్చి చూడవచ్చును. బ్రిటిష్ రెసిడెన్సీ చెంత పెరిగి, 1933లో నిజాం పాలన కిందికి తిరిగి వచ్చిన సుల్తాన్ బజార్ మీదుగా మెట్రో రైలు మార్గం నిర్ణయమైనపుడు వర్తకులు తీవ్రంగా వ్యతిరేకించినారు. 2014లో మార్గం మార్పు ప్రకటన వెలువడినది. తరువాత మార్పును విరమించి తొలి మార్గంలోనే పనులు చేపట్టినారు. జూబ్లీ బస్ స్టేషన్ – మహాత్మా గాంధీ బస్ స్టేషన్ మార్గం 2020 ఫిబ్రవరి 7వ తేదీన ప్రారంభమైనది. సుల్తాన్ బజారు వర్తకులకు మెట్రో స్టేషన్ సమకూరినది. అయితే మార్గం మారుతుందా, మారదా అని తేలని సంవత్సరాలలో దుకాణానికి సున్నం వేయించడానికి కూడా సంకోచించే పరిస్థితి అక్కడ నెలకొన్నది. దీనికి భిన్నంగా, మహాత్మా గాంధీ బస్ స్టేషన్ నుండి ఫలక్‌నుమా వరకు పాత నగరంలోని 5.5 కిలోమీటర్ల భాగం తొలి దశలో అసలు చేపట్టనే లేదు. దానికి 2024 మార్చి 8వ తేదీన శంకుస్థాపన జరిగి, 2025 జనవరిలో ఆస్తుల యజమానులకు చదరపు గజానికి 81,000 రూపాయల చొప్పున పరిహారం పంపిణీ మొదలైనది. ధర ముందుగా ప్రకటించి చెక్కు చేతికివ్వడం పాత నగరంలో స్వాగతింపదగిన పరిణామం.

1935లో నిర్మితమైన మొజంజాహీ మార్కెట్ విషయం వేరు. 2018లో చేపట్టిన పునరుద్ధరణ 2020 ఆగస్టులో పూర్తయినది. రాతిపై పేరుకున్న పూతలు తొలగించి, పైకప్పులు బాగుచేసి, గడియారపు గోపురానికి మెరుగులు దిద్ది, ప్రాంగణంలో సాంస్కృతిక కార్యక్రమాలకు చోటు కల్పించినారు. అక్కడ పని రెండేళ్లలో ముగియడానికి కారణం సామర్థ్యం ఒక్కటే అనుకోవడం పొరపాటు. ఆ మార్కెట్ మొత్తం నగరపాలక సంస్థ ఆస్తి. సేకరించవలసిన అంగుళం లేదు. లాడ్ బజారు అట్లు కాదు. ఎన్ని గుమ్మాలో అన్ని యాజమాన్యాలు. కనుక మొజంజాహీ మార్కెట్‌లో గడిచిన కాలాన్ని చూపి లాడ్ బజారులో గడువులు నిర్ణయించడం సరికాదు.

ఏలూరు, తాడేపల్లిగూడెం

కాలువ ఒడ్డున వెలసిన ఏలూరుకు వన్‌టౌన్, టూటౌన్ అనే విభజన భౌగోళికం. కాలువలపై వంతెనలే ఈ రెంటినీ కలుపుతాయి. పశ్చిమాన కొండవాగుల నీటిని మోసుకుని తమ్మిలేరు నగరాన్ని ఒరుసుకుంటూ కొల్లేటిలో కలుస్తుంది. అందువలన ఇక్కడ ఏ వీధిని తవ్వినా ముందు నీటి సంగతి తేల్చుకోవలసి ఉంటుంది. రోడ్డు వేసి, ఆపై మురుగు కాలువ కొరకు తవ్వి, మరల గొట్టం కొరకు తవ్వే పద్ధతి ఏ వీధికైనా చేటే. కొనుగోలుదారు నడిచి వచ్చే వీధికి మరీ చేటు. దసరా, సంక్రాంతి, పెళ్లిళ్ల ముహూర్తాల రోజులలో దుకాణం ముందు గొయ్యి ఉంటే ఆ ఏడాది లాభం ఆ గోతిలోనే పోయినట్లు.

కొల్లేటి లంక గ్రామాల వారికి ఏలూరు, కైకలూరు, ఆకివీడు అంగళ్లే బజారు. చేపల రాబడి బాగున్న ఏడు ఏలూరు బట్టల దుకాణాలలో, నగల దుకాణాలలో ఆ సందడి తెలుస్తుంది. పటంపై గీత అనగా నేమో ఈ ప్రాంతీయులకు వేరుగా వివరింపనక్కరలేదు. కొల్లేరు వన్యప్రాణి అభయారణ్యాన్ని 5వ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో ప్రకటించినారు. గీతకు లోపల తవ్విన చేపల చెరువులను 2006లో తొలగించినారు. 3వ కాంటూరుకు తగ్గించాలన్న విజ్ఞప్తులు అప్పటి నుండి సాగుతూ వచ్చినవి. గీత అటో ఇటో తేలనంత కాలం గట్టు వేసుకోవాలా వద్దా అన్న సందేహంలో రైతు ఉంటాడు. దుకాణదారుని సందేహమూ ఇటువంటిదే. కాకపోతే కొల్లేటి గీత వెనుక ఒక సరస్సు మనుగడ ఉన్నది. బజారు గీత వెనుక ఉన్నది కొన్ని అడుగుల రోడ్డు. కావున రెండవ దానిని తేల్చడం అంత కష్టం కారాదు.

తాడేపల్లిగూడెం స్థితి కొంత భిన్నం. రైలు మార్గం, జాతీయ రహదారి ఆధారంగా ఎదిగిన టోకు వర్తక పట్టణమది. కర్నూలు ప్రాంతపు ఉల్లి, మహారాష్ట్ర ఉల్లి లారీలపై వచ్చి ఇక్కడ చేతులు మారుతుంది. ఇక్కడ కావలసినది లారీ నిలిపే చోటు, హమాలీ బస్తా దించే చోటు, వేలం జరిగే చోటు. చార్మినార్ తరహాలో రాతి పరపు వేసి వాహనాలు నిషేధిస్తే ఈ వ్యాపారానికి ఊపిరాడదు. టోకు వర్తకాన్ని ఊరి వెలుపలికి తరలించాలన్న ప్రతిపాదన ఏ పట్టణంలోనైనా వచ్చినపుడు, కొత్త ప్రాంగణంలో కాటా, గిడ్డంగి, విశ్రాంతి గది, బ్యాంకు సిద్ధమైన తరువాతనే పాత చోటు మూయాలి. చార్మినార్‌లో వలయ రహదారికి ముందే రాతి పరపు వచ్చిన అనుభవం ఈ వరుసక్రమం ప్రాధాన్యతను చెప్పకనే చెబుతున్నది.

వీధి వ్యాపారుల విషయంలో 2014 చట్టాన్ని అధికారులు తరచుగా తొలగింపు దశలోనే గుర్తు చేసుకుంటున్నారు. ఆ చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి. 5 సంవత్సరాలకు ఒకసారి సర్వే జరగాలి. సర్వే పూర్తయ్యే వరకు ఎవరినీ ఖాళీ చేయించరాదు. 50 ఏళ్లకు పైబడి వీధి వ్యాపారం సాగుతున్న సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడి వారిని తరలించరాదని కూడా అందులో ఉన్నది. చార్మినార్ చుట్టూ రోడ్డు ఖాళీ అయిన ప్రతిసారీ తోపుడు బండ్లు అక్కడికి చేరడం, దుకాణదారులు అభ్యంతరం చెప్పడం, పోలీసులు తొలగించడం, వారం తిరగకుండా మరల చేరడం ఒక ఆనవాయితీగా మారినది. బండి ఎక్కడ నిలపాలో గీయకుండా, ఎక్కడ నిలపరాదో మాత్రమే గీయడం వలన వచ్చిన ఫలితమిది.

విస్తరణ గీతలతో కూడిన వీధి పటాలను స్వచ్ఛందంగా వెల్లడించడం 2005 సమాచార హక్కు చట్టం స్ఫూర్తికి అనుగుణమైన చర్య. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఏర్పాటైన వార్డు సచివాలయాలలో ప్రణాళిక, నియంత్రణ కార్యదర్శి పదవి ఉన్నది. భవన అనుమతుల పరిశీలన ఆ ఉద్యోగి విధులలో భాగమే కనుక, తన వీధి పటంపై గీత ఉన్నదా, ఉంటే ఏ సంవత్సరంలో గీసినది, దుకాణం గోడ నుండి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నదన్న వివరాలను వర్తకులు, అద్దెదారులు తొలుత అక్కడనే అడిగి తెలుసుకోవచ్చును. అక్కడ పటం లభ్యం కానిచో నగరపాలక లేక పురపాలక కార్యాలయంలోని పట్టణ ప్రణాళికా విభాగానికి లిఖితపూర్వకంగా దరఖాస్తు చేసుకోవచ్చును. సమాచార హక్కు చట్టం కింద సమర్పించే దరఖాస్తుకు 30 దినములలోగా సమాధానం ఇవ్వవలసి ఉంటుంది.